ఏటి ఒడ్డున ఎరుక

నది యనగానే మన మనస్సులో మెదలునది చల్లని నీరు, తెల్లని ఇసుక తిన్నె, దరిని నిలిచిన రావిచెట్టు. మన దేశమున ఊళ్ళును, పట్టణములును నదుల యొడ్డుననే పెరిగి పెద్దవైనవి. పుష్కరములకు, జాతరలకు, కార్తిక స్నానములకు లక్షలాది జనులు నదీతీరములకు చేరుచుందురు. వేసవి సెలవులలో బంధువుల యింటికి పోయిన పిల్లలకు ఏటి యిసుకకంటె ప్రియమైన ఆటస్థలము వేరొకటి యుండదు. ఎండకాలమున నది సన్నగిల్లి ఒక ప్రక్కగా పారుచుండగా, తక్కిన వెడల్పంతయు పరచిన చాపవలె ఇసుకయై మనలను పిలుచుచుండును.

ఆ పిలుపునకు పోవుట తప్పు కాదు. కాని పోవువాడు నదిని గూర్చి కొంత తెలిసికొని పోవలెను. ఇసుక త్రవ్విన గోతులు, సుడిగుండములు, వానకాలపు వరద, వీనిని గూర్చి పెద్దలు మనకు చెప్పుచునే యున్నారు. వీనికి తోడు మరియొక ప్రమాదము కలదు. ఆకాశము నిర్మలముగా నుండును, గాలి వీచదు, ఎచ్చటను వాన జాడ లేదు, నీరు మోకాలి లోతున మెల్లగా పారుచుండును. అట్టి సమయముననే అకస్మాత్తుగా నీరు పొంగి ఒడ్డుననున్నవారిని ఈడ్చుకొని పోవును. ఇది ప్రకృతి చేసిన పని కాదు, మానవుడు కల్పించిన సాధనముల వలన పుట్టినది. కావుననే పూర్వుల సామెతలలో దీనికి చోటు లేదు.

ఇట్టి పొంగునకు ముఖ్యమైన కారణములు రెండు. మొదటిది, నదిలో పోవు మహానౌక. రెండవది, ఎగువనున్న ఆనకట్ట తలుపులు తెరచుట. ఒకటి మన ప్రాంతమున కానరానిది. రెండవది మన ముంగిటనే యున్నది. అయినను రెండింటి స్వభావము ఒక్కటే. మొదటిదానిని అర్థము చేసికొన్నచో రెండవది సులభముగా బోధపడును.

ములుగు సమీపమున లక్నవరము చెరువులో విహారపు పడవలు తిరుగుట మీలో కొందరు చూచియే యుందురు. ఒడ్డున పాదములు నీటిలో నుంచి నిలిచి ఒక మరపడవను గమనింపుడు. అది మనకెదురుగా పోవుచున్నప్పుడు మన పాదములయొద్ద నీరు కదలదు. పడవ ముందునకు సాగిపోవును. మన దృష్టియు దానితోడనే పోవును. అప్పుడు ఒకదాని వెనుక నొకటిగా అలలు వచ్చి పాదములను తాకును. ఈ చిన్న పరిశీలన వలన మనకొక గొప్ప సంగతి తెలియుచున్నది. అలను పుట్టించిన వస్తువు దాటిపోయిన తరువాతనే అల ఒడ్డునకు చేరును. చూచువాడు ఇక భయము లేదనుకొను సమయముననే అది వచ్చును.

నీటిపై పోవు వస్తువు తన ముందున్న నీటిని ప్రక్కలకు త్రోయును. త్రోయబడిన నీరు లేచి, పడి, అలగా మారి, వస్తువు వెనుక బాణపు మొన ఆకారమున వ్యాపించును. తరువాతి కాలమున లార్డ్ కెల్విన్ అని ప్రసిద్ధి వహించిన విలియం థామ్సన్ అను శాస్త్రజ్ఞుడు 1887వ సంవత్సరమున ఈ ఆకారమును గణితముచే వివరించెను. లోతైన నీటిలో ఆ మొన ప్రక్కకు సుమారు 19½ డిగ్రీల చొప్పున విచ్చుకొనునని ఆయన తేల్చెను. చెరువులో ఈదు బాతు వెనుకను, కడలిలో పోవు ఓడ వెనుకను ఆ కోణ మొక్కటే యగుట వింత గొలుపును. కోణము సమానమే గాని బలము సమానము కాదు. బాతు అల తామరాకును కదల్పగా, ఓడ అల మనిషిని పడద్రోయును.

ఇపుడు మహానౌకను గూర్చి యోచింతము. జర్మనీ దేశమున ఎల్బ అను నది కలదు. దాని యొడ్డున హాంబర్గు నగరము సముద్రమునకు నూరు కిలోమీటర్లకు పైగా దూరమున నున్నది. అయినను గొప్ప సరకు ఓడలు నదిలోనే పయనించి ఆ రేవునకు చేరును. వానిలో కొన్నింటి పొడవు సుమారు 400 మీటర్లు. చురుకుగా నడచువాడు అట్టి ఓడ యొక్క ఒక కొననుండి రెండవ కొనకు చేరుటకు నాలుగు నిమిషములు పట్టును. ఆ నది యొడ్డుననే చక్కని ఇసుక తీరములు కలవు. వేసవిలో నగరవాసులు పిల్లలతో అచ్చటికి వత్తురు. ఇసుకకును, ఓడలకును నడుమ దూరము మిక్కిలి తక్కువ.

సముద్రము విశాలము కనుక ఓడ త్రోసిన నీటికి అచ్చట చోటు చాలును. నది ఇరుకు. మీరెన్నడైన నిండుగా పారు సన్నని పంటకాలువలో దిగి నడచితిరా? మీరు ముందునకు పోవుచుండగా నీరు మీ కాళ్ళ ప్రక్కనుండి వెనుకకు పరుగెత్తును. నదిలో ఓడ పోవునప్పుడును అట్లే జరుగును. ఓడ ఆక్రమించిన చోటి నీరు దానికిని ఒడ్డునకును నడుమనున్న సందునుండి వెనుకకు వేగముగా ప్రవహింపవలసి యుండును. అట్లు వేగము హెచ్చిన చోట నీటిమట్టము తగ్గును. ఓడ వెంట ఒక పల్లము కూడ నడచుచున్నదని చెప్పవచ్చును. ఆ పల్లమును పూరించుటకు ఒడ్డుననున్న నీరు నది నడుమకు లాగబడును. ఓడ వెనుకభాగము దాటగానే ఆ లోటు తీర్చుటకు నీరు మరల ఉరికి వచ్చును. ఓడ వేగము హెచ్చుకొలదియు, నది ఇరుకగుకొలదియు ఈ లాగుడును, ఈ ఉరుకుడును బలపడును. ఒడ్డు మెల్లగా వాలిన ఇసుక తీరమైనచో అల లోతులేని నీటిలో నెమ్మదించి, ఎత్తు పెరిగి, విరిగి పడును.

ఒడ్డుననున్న వానికి ఇది యెట్లు కనబడును? మొదట నీరు చప్పుడు లేక వెనుకకు తగ్గును. అంతవరకు మునిగియున్న ఇసుక, గులకరాళ్ళు, గవ్వలు బయటపడును. పిల్లలకు ఇది వేడుక. కొత్తగా తేలిన ఇసుకపైకి వారు పరుగెత్తుదురు. నీటిలో నున్నవారి కాళ్ళు లోపలికి లాగబడును. కొంత సేపటికి నీరు అలయై తిరిగి వచ్చి, నిలిచినవారిని పడద్రోసి, మరల వెనుకకు పోవుచు వారిని వెంట గొనిపోవును. ఎల్బ నదీతీరమున ఓడల లాగుడును, అలలను గూర్చి ప్రజలను హెచ్చరించు ఫలకములు నాటియుండుటకు కారణమిదియే.

అమెరికాలో కొలంబియా నదియందును ఇట్టి స్థితియే కలదు. తెలుగు కుటుంబములు అనేకము నివసించు పోర్ట్‌లాండు నగర ప్రాంతమునకు సముద్రపు ఓడలు ఈ నది మీదుగానే వచ్చును. అచ్చట ఓడల అలలు సాల్మను చేపపిల్లలను ఇసుకపైకి ఎగజిమ్మి, అలలు తగ్గిన తరువాత వానిని పొడినేలపైననే విడిచిపోవుట శాస్త్రజ్ఞులు పరిశీలించి వ్రాసియున్నారు. నీటిలో పుట్టి పెరిగిన చేపయే ఆ అలనుండి తప్పించుకొనజాలకున్నది. ఇసుకపై గుడి కట్టుకొనుచున్న ఐదేండ్ల బాలుని మాట చెప్పనేల?

ఈ సందర్భమున 2004 డిసెంబరు 26వ తేదీని తలచుకొనుట తగును. ఆనాడు హిందూ మహాసముద్రమున భూకంపము వలన పుట్టిన సునామీ మన తూర్పు తీరమును తాకినది. అనేక స్థలములలో మొదట సముద్రము వెనుకకు పోయినది. తేలిన నేలను చూడబోయినవారు ఎందరో మరల రాలేదు. ఓడ అలకును సునామీకిని కారణము వేరు, పరిమాణము వేరు. కాని చెప్పు పాఠ మొక్కటే. అకారణముగా నీరు తగ్గుట విశ్రాంతి కాదు, అది రాబోవు నీటికి సన్నాహము.

‘మా గోదావరిలో అట్టి ఓడలు లేవు గదా! మాకీ పాఠమెందుకు?’ అని మీరడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. పాపికొండల నడుమ తిరుగు లాంచీలు ఎల్బ నదిలోని నౌకల ముందు చిన్నపడవల వంటివి. కాని మన నదులలో ఓడలకు బదులుగా మరియొక గొప్ప శక్తి యున్నది. అది ఆనకట్ట. గోదావరిపై ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైనది. కృష్ణపై నాగార్జునసాగరమునకు 1955లో పునాది పడినది. ఉత్తర తెలంగాణకు నీరందించు శ్రీరామసాగరమునకు 1963లో శంకుస్థాపన జరిగినది. తరువాత బ్యారేజీలును, జలవిద్యుత్ కేంద్రములును అనేకము వెలసినవి. మనము తిను అన్నములోను, వెలిగించు దీపములోను వాని ఉపకారము కలదు. వానిని నిందించుట కృతఘ్నత యగును. కాని ఆనకట్ట దిగువనున్న నది, పూర్వపు నది వంటిది కాదు. అది తన ఇచ్ఛచే కాక తలుపుల ఇచ్ఛచే పారును. ఈ సంగతి మరచుట ప్రాణాంతకము.

కాకతీయులు త్రవ్వించిన పాకాల, రామప్ప చెరువులను చూచిన మీకు తూము, మత్తడి అనునవి క్రొత్త కావు. చెరువు నిండగా మత్తడి దుముకును. అది మెల్లగా మొదలై మెల్లగా పెరుగును, చూచువానికి ముందే తెలియును. ఆనకట్ట తలుపుల తీరు అట్టిది కాదు. అవి తెరచిన క్షణమునుండియే నీరు పెద్దయెత్తున దిగువకు ఉరుకును. తలుపులు తెరచుటకు కారణములు పలు విధములు. ఎగువ ఎచ్చటనో వాన కురిసి జలాశయము నిండియుండవచ్చును. దిగువ పొలములకు నీరు కావలసి యుండవచ్చును. విద్యుత్తు సంగతి యింకను విచిత్రమైనది. చిన్న జలాశయము గల జలవిద్యుత్ కేంద్రమున, వచ్చిన నీరు వచ్చినట్లే యంత్రములను త్రిప్పి పోవుచుండును. విద్యుత్తు అక్కర తగ్గినప్పుడు యంత్రములను ఆపుదురు. అప్పుడు నీటిని నిలువచేయుటకు చోటు చాలక తలుపులు తెరువవలసి వచ్చును. దూరనగరములలో దీపముల వాడుక తగ్గిన కారణముగా ఏదో కొండలోయలో నది పొంగుట సంభవించునన్నమాట!

ఇందలి లెక్కను కొంచెము చూతము. ఒక నది 40 మీటర్ల వెడల్పున, అర మీటరు లోతున, సెకనునకు ఒక మీటరు వేగమున పారుచున్నదనుకొందము. మూడింటిని హెచ్చించిన సెకనునకు 20 ఘనపు మీటర్ల నీరు పోవుచున్నదని తేలును. తలుపులు తెరచుటచే లోతు రెండున్నర మీటర్లకును, వేగము మూడు మీటర్లకును పెరిగినచో, ప్రవాహము 300 ఘనపు మీటర్లగును. అనగా పదునైదు రెట్లు! మోకాలి లోతు తలను మించిన లోతైనది. ఒక ఘనపు మీటరు నీరు వేయి కిలోగ్రాముల బరువుండును. నీటి వేగము రెట్టింపైనచో దాని తాకిడి నాలుగు రెట్లగును. మూడింతలైనచో తొమ్మిది రెట్లగును. ఇక ఈత వచ్చునా, రాదా యను ప్రశ్నకు అర్థమే లేదు.

మరియొక లెక్క. తలుపులు మూడు కిలోమీటర్ల ఎగువన నున్నవనియు, అల సెకనునకు మూడు మీటర్లు పోవుననియు అనుకొనుడు. అది మనలను చేరుటకు వేయి సెకనులు, అనగా సుమారు పదునేడు నిమిషములు పట్టును. తలుపులు తెరచునప్పుడే సైరను మ్రోగి, అది మన చెవిని పడి, దాని యర్థము మనకు తెలిసియున్నచో ఆ పదునేడు నిమిషములును మనవే. తీరికగా నడచి గట్టెక్కవచ్చును. సైరను మ్రోగకున్నను, మ్రోగినదాని యర్థము మనకు తెలియకున్నను, నది వంపు తిరుగు చోట అల కంటబడువరకు మనకేమియు తెలియదు. ఆ వంపు అరువది మీటర్ల దూరమున నున్నచో మనకు మిగులునది ఇరువది సెకనులు మాత్రమే. జారుడు రాళ్ళపై ఇరువది సెకనులలో ఎంత దూరము పోగలము?

ఇది వట్టి ఊహ కాదు. మన తెలుగు బిడ్డలకే సంభవించిన విషాదము. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రము అవతరించినది. అప్పటికి ఆరు దినములు గడచినవి. హైదరాబాదులోని విజ్ఞానజ్యోతి ఇంజనీరింగు కళాశాల విద్యార్థులు హిమాచల ప్రదేశమునకు విహారయాత్ర పోయి యుండిరి. జూన్ 8వ తేదీ, ఆదివారము, సాయంసమయము. మండీ జిల్లాలో తలౌట్ అను గ్రామసమీపమున దారి ప్రక్కనే బియాస్ నది పారుచున్నది. మన పురాణములు విపాశ యని పేర్కొన్న నది యిదియే. కొండల నడుమ చల్లని నీరు, తెల్లని బండరాళ్ళు, ప్రక్కనే రాదారి. మైదానపు టెండలనుండి వచ్చిన పిల్లలకు ఆ దృశ్యము ఎంత మనోహరముగా నుండెనో చెప్పనక్కరలేదు. కొందరు నదిలోనికి దిగి, నడుమనున్న బండలపై నిలిచి ఛాయాచిత్రములు తీసికొనసాగిరి. నీరు అప్పుడు తక్కువగానే యున్నది.

ఆ చోటికి ఎగువన లార్జీ జలవిద్యుత్ కేంద్రపు ఆనకట్ట యున్నది. ఆ సాయంకాలము దాని తలుపులు తెరచి నీటిని విడిచిరి. అల్పకాలములోనే ప్రవాహము అనేక రెట్లు పెరిగినది. బండలపై నున్నవారికిని ఒడ్డునకును నడుమ నీరు నిండినది. వెనుకకు రాదలచినను త్రోవ లేదు. ఒడ్డున నున్న సహాధ్యాయులు కేకలు వేయుట తప్ప ఏమియు చేయజాలకపోయిరి. ఇరువది నలుగురు విద్యార్థులును, వారి వెంట వచ్చిన యాత్రానిర్వాహకుడొకడును నదిలో కొట్టుకొనిపోయిరి. దిగువనున్న పండో జలాశయము వరకు గజ యీతగాండ్రును, సహాయదళములును వారములకొలది వెదకవలసి వచ్చినది. కన్నవారు ఆ నదీతీరముననే తమ బిడ్డల మృతదేహములకై ఎదురుచూచుచు దినములు గడపిరి.

ఆ పిల్లలు అవివేకులు కారు. ఇంజనీరింగు చదువుచున్న బుద్ధిమంతులు. వారికి లేనిది తెలివి కాదు, ఆ నది తలుపుల చేతిలో నున్నదను సమాచారము. హిమాచల ప్రదేశపు హైకోర్టు ఈ విషయమును తనంతట తానే విచారణకు స్వీకరించినది. ప్రతి విద్యార్థి కుటుంబమునకు 20 లక్షల రూపాయల చొప్పున పరిహార మీయవలెనని 2016 జనవరిలో తీర్పు చెప్పినది. ఆ భారమును విద్యుత్ మండలియు, కళాశాలయు, రాష్ట్ర ప్రభుత్వమును పంచుకొనవలెనని నిర్ణయించినది. పిల్లలను గొనిపోవువారికిని, నీటిని విడుచువారికిని, తీరమును కాపాడువారికిని, ముగ్గురికిని బాధ్యత కలదని ఈ తీర్పు వలన గ్రహింపవలెను. కాని పరిహారము ప్రాణమునకు బదులు కాదు. తీర్పు వచ్చువరకు కాక, అల రాకముందే కాపాడునది ఎరుక యొక్కటే.

హిమాలయము దూరమని యనుకొనరాదు. 2021 ఆగస్టు మాసమున కృష్ణాజిల్లా చెవిటికల్లు గ్రామమువద్ద కృష్ణానదిలో ఇసుక నింపుకొనుటకు లారీలు దిగియుండెను. ఎగువనుండి అకస్మాత్తుగా నీరు వచ్చుటచే నూరింటికి పైగా లారీలు నది నడుమ చిక్కుకొనిపోయినవి. డ్రైవర్లను, కూలీలను పడవలపై ఒడ్డునకు చేర్చిరి. వారు నిత్యము నదిలో పనిచేయువారే. అనుభవము గలవారిని సైతము ఇట్టి నీరు మోసగింపగలదని ఇందువలన తెలియుచున్నది.

మన ఉమ్మడి వరంగల్లు ప్రాంతమునకు ఉత్తరపు టెల్ల గోదావరి. నేడు ములుగు జిల్లాలో నున్న ఏటూరునాగారము, మంగపేట మొదలగు ఊళ్ళ యొద్ద వేసవిలో గోదావరి ఇసుక ఎంత విశాలముగా నుండునో చూచినవారికే తెలియును. ఆ ఊళ్ళకు ఎగువన తుపాకులగూడెమువద్ద సమ్మక్క బ్యారేజి యున్నది. దానికి 59 తలుపులు. మేడారము జాతర వేళ భక్తుల స్నానార్థము లక్నవరము చెరువునుండి జంపన్నవాగునకు నీరు విడుచుటయు మనము ఎరిగినదే. అచ్చట నీరు వచ్చునని అందరకును ముందే తెలియును. కావున అది ఉత్సవమగుచున్నది. తెలియకుండ వచ్చిన నీరు ఆపద యగును. ఉత్సవమునకును ఆపదకును నడుమనున్న భేదము, ముందుగా తెలియుటయే.

కావున నదీతీరమునకు పోవువారు కొన్ని నియమములను మనస్సున నుంచుకొనవలెను. మొదటిది, దిగుటకు ముందే అడుగుట. ‘ఎగువన ఆనకట్ట యున్నదా? నేడు నీరు విడుతురా?’ అని స్థానికులను, పల్లెకారులను అడుగవలెను. హెచ్చరిక ఫలకమున్నచో దానిని చదువవలెను. క్రొత్తచోట భాష తెలియకున్నచో చదివించుకొనవలెను. రెండవది, నిలుచు చోటును ఎన్నుకొనుట. నది నడుమనున్న బండ, లంక, ఇసుకదిబ్బ చూచుటకు అందమైనవే, కాని నాలుగు వైపుల నీరు చేరినచో అవి చెరసాలలగును. తిరిగివచ్చు త్రోవ ఏది యని చూచుకొనక ముందునకు అడుగు వేయరాదు.

మూడవది, నది చెప్పు గురుతులను గమనించుట. తేటగా నున్న నీరు అకస్మాత్తుగా బురదరంగు తిరుగుట, ఆకులు, పుల్లలు, నురుగు కొట్టుకొనివచ్చుట, ఎగువనుండి హోరు వినవచ్చుట, ఇంతకు ముందు పొడిగానున్న రాయి తడియుట, కారణము లేక నీరు వెనుకకు తగ్గుట, ఇవన్నియు హెచ్చరికలే. ఓడలు తిరుగు నదీతీరమైనచో, పెద్ద ఓడ కనబడగానే పిల్లలను నీటి యంచునుండి దూరముగా తీసికొనిపోయి, ఓడ దాటిన తరువాత అలలన్నియు అణగువరకు అచ్చటనే యుంచవలెను.

నాలుగవది, గురుతు కనబడిన వెంటనే కదలుట. సైరను విన్నప్పుడు ఎందుకు మ్రోగుచున్నదో యని నిలిచి విచారించుటకు సమయము లేదు. చెప్పులు, సంచి, ఫోను వీనికై వెనుదిరుగరాదు. నది వెంబడి దిగువకు పరుగెత్తిన అల మనలను తరుముకొని వచ్చును. కావున అడ్డముగా, సమీపమున నున్న ఎత్తైన గట్టునకు ఎక్కవలెను.

ఐదవది, ఆపదలో నున్నవానిని కాపాడు రీతి. స్నేహితుడు కొట్టుకొనిపోవుచుండ చూచి ఊరకుండుట ఎవరికిని సాధ్యము కాదు. కాని శిక్షణ లేనివాడు నీటిలో దుమికినచో ఒక ప్రాణమునకు బదులు రెండు ప్రాణములు పోవును. ఒడ్డుననే నిలిచి త్రాడు గాని, పొడవైన కఱ్ఱ గాని, ముడివేసిన చీరలు గాని అందింపవలెను. మూతబిగించిన ఖాళీ డబ్బా యైనను విసరవచ్చును. అది తేలుచు ఊతమిచ్చును. మరియొకరు వెంటనే 112 సంఖ్యకు ఫోను చేయవలెను.

విద్యార్థులారా! ఈ నియమములు మిమ్ము నదికి దూరము చేయుటకు చెప్పినవి కావు. నదికి మనపై పగ లేదు, ప్రేమయు లేదు. దానికున్నవి నియమములు మాత్రమే. పల్లమునకు పారుట, త్రోసిన కదలుట, లోటును పూరించుట, ఇవియే దాని ధర్మములు. ఓడను నడపువాడు ఈ ధర్మములను తెలిసి వేగము తగ్గింపవలెను. ఆనకట్ట తలుపు తెరచువాడు దిగువ నున్నవారిని తలచి ముందుగా సైరను మ్రోగింపవలెను. మీలో కొందరు రేపు ఇంజనీర్లై అట్టి తలుపులయొద్ద నిలుతురు. ఆనాడు కంటికి కనబడని దూరమున ఏదో ఒక బండపై నవ్వుచు నిలిచిన పిల్లలుందురని మరువకుడు. ఇక నేడు తీరమున నిలిచిన మీరు, కంటికి కనబడని దూరమున ఒక తలుపున్నదని మరువకుడు.

ఎదుటనున్న నీటిని చూచుటకు కన్నులు చాలును. రాబోవు నీటిని చూచుటకు విద్య కావలెను.